చుట్టుపక్కల వన్యప్రాణుల్ని కనిపెట్టడం, వాటి చోటును కాపాడటం ఎలా?

వన్యప్రాణులు అనగానే పులో ఏనుగో గుర్తొస్తాయి. వాటిని చూడాలంటే అడవికి వెళ్ళాలి, జీపు ఎక్కాలి, అదృష్టం కలిసి రావాలి. కానీ గోడ పగుల్లో గూడు కట్టుకునే ఒంటరి తేనెటీగ, వీధి లైటు చుట్టూ తిరిగే గబ్బిలం, కాలువ పక్కన తుంగలో గుడ్లు పెట్టే తూనీగ కూడా వన్యప్రాణులే. వీటిని ఎవరూ పెంచరు, ఎవరూ లెక్కపెట్టరు. అందుకే మాయమైపోయినా ఎవరికీ తెలియదు.

ఆ లెక్క మొదలుపెట్టాలనుకునేవారి కోసం ఇది రాస్తున్నాను. ఇందులో అన్నిటికంటే ముఖ్యమైన పని ఒక్కటే అని నా నమ్మకం. ఒక చిన్న చోటు పట్టుకుని, అక్కడికే మళ్ళీ మళ్ళీ వెళ్ళి, చూసిందంతా తేదీతో సహా రాసుకోవడం. ఏది ఎక్కడ ఎలా బతుకుతుందో తెలియకుండా కాపాడబోతే, మంచి చేస్తున్నామనుకుంటూనే చెడు చేసే ప్రమాదం ఉంది.

ముందు ఒక చోటు ఎంచుకోండి

ఇంటి నుంచి నడిచి వెళ్ళగలిగే దూరంలో చూసుకోండి. పార్కులో ఒక మూల, కుంట గట్టు, ఎవరూ పట్టించుకోని ఖాళీ స్థలం, మీ పెరడు, ఏదైనా ఫరవాలేదు. అరగంటలో మొత్తం చుట్టి రాగలిగేంత ఉంటే చాలు. మరీ పెద్దది ఎంచుకుంటే ప్రతిసారీ ఒక కొత్త మూలకి వెళ్ళి, దేన్నీ సరిగ్గా చూడకుండానే తిరిగొస్తారు. అది వేరేవాళ్ళ స్థలమైతే ముందే అడిగి అనుమతి తీసుకోండి.

రెండు రకాల నేలలు కలిసే అంచు ఉంటే మరీ మంచిది. నీళ్ళు నేలను తాకే ఒడ్డు, పొదలు గడ్డిలోకి దిగే చోటు, పాత గోడ పక్కన చెట్ల వరస లాంటివి. ఇలాంటి అంచుల్లో రెండు వైపుల ప్రాణులూ తారసపడతాయి. నున్నగా కత్తిరించిన పచ్చిక చూడ్డానికి బాగుంటుంది గానీ అందులో బతికేవి తక్కువ.

ఎప్పుడూ అదే చోటికి వెళ్తే ఏం ఒరుగుతుంది అనిపించవచ్చు. జర్మనీలోని క్రెఫెల్డ్ నగరంలో కీటకాల మీద ఆసక్తి ఉన్నవాళ్ళ సంఘం ఒకటి ఉంది. అందులో చాలామంది ఉద్యోగరీత్యా శాస్త్రవేత్తలు కారు. 1989 నుంచి 2016 వరకు 63 రక్షిత ప్రాంతాల్లో ఒకే రకం వలలు పెట్టి, వాటిలో పడ్డ ఎగిరే కీటకాలను తూకం వేసి రాసుకుంటూ వచ్చారు. ఆ లెక్కలు 2017లో ప్రచురితమైనప్పుడు అందరూ ఉలిక్కిపడ్డారు. 27 ఏళ్ళలో ఎగిరే కీటకాల మొత్తం బరువు 75 శాతానికి పైగా పడిపోయింది. అది కూడా మామూలు పొలాల్లో కాదు, రక్షిత ప్రాంతాల్లో. పద్ధతి మార్చకుండా అన్నేళ్ళు పట్టుదలగా చేశారు కాబట్టే ఆ సంగతి బయటపడింది.

వేళ చూసుకుని వెళ్ళండి, వెళ్ళాక కదలకండి

పక్షుల కోసమైతే తెల్లవారాక మొదటి రెండు మూడు గంటలు. సీతాకోకచిలుకలు, తూనీగలు ఎండ కాస్త ఎక్కాక గానీ చురుగ్గా ఉండవు. గబ్బిలాలకు మునిమాపు వేళ. కప్పల కోసమైతే వాన పడ్డ రాత్రి వెళ్ళండి, కంటికంటే చెవికే ఎక్కువ దొరుకుతాయి.

చోటికి చేరగానే తిరగడం మొదలుపెట్టకండి. ఒక పది నిమిషాలు ఎక్కడైనా కూర్చోండి, లేదా చెట్టుకు ఆనుకుని నిలబడండి. మీ అలికిడికి దాక్కున్నవి ఆ పది నిమిషాల్లో ఒక్కొక్కటే మళ్ళీ తమ పనిలో పడతాయి. చాలామంది ఇక్కడే ఓపిక పోగొట్టుకుని, "ఇక్కడేం లేవు" అనుకుని వెళ్ళిపోతారు.

కొనాల్సినవి పెద్దగా లేవు. చిన్న నోటుబుక్కు, పెన్సిలు, ఫోను, మామూలు భూతద్దం ఉంటే సరిపోతుంది. తర్వాత ఆసక్తి పెరిగితే బైనాక్యులర్స్ తీసుకోండి. 8×42 అని రాసి ఉన్నవి మొదటిసారి కొనేవాళ్ళకు అనువుగా ఉంటాయి. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తాయి, చెయ్యి వణికినా బొమ్మ మరీ అదరదు. పక్షి కనబడగానే బైనాక్యులర్స్ కోసం తల దించకండి. చూపు పక్షి మీదే ఉంచి, బైనాక్యులర్స్‌నే పైకెత్తి కళ్ళకు ఆనించండి. ఈ ఒక్కటి అలవాటైతే సగం టెన్షన్ పోతుంది.

ప్రాణి కనబడకపోతే జాడ వెతకండి

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇది. చాలా జంతువులు మనకు కనబడవు. కానీ ఏ ప్రాణీ జాడ వదలకుండా బతకలేదు.

ముందు ఆకులు చూడండి. ఆకు అంచు చక్కగా అర్ధచంద్రాకారంలో, కత్తెరతో కోసినట్టు తెగి ఉంటే అది గొంగళిపురుగు పని కాదు. ఆకులు కత్తిరించే ఒక రకం ఒంటరి తేనెటీగ ఆ ముక్కల్ని మోసుకెళ్ళి, పిల్లల కోసం కట్టే గదులకు లోపల పరుస్తుంది. అలాంటి ఆకు కనబడిందంటే దగ్గర్లోనే ఏ కర్ర తొలుపులోనో, గోడ కన్నంలోనో దాని గూడు ఉందని అర్థం.

తడి మట్టిలో, బురద అంచున అడుగులు వెతకండి. కుక్క జాతి అడుగులో గోళ్ళ గుర్తులు సాధారణంగా కనిపిస్తాయి. పిల్లి జాతి నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి కనిపించవు. పక్కన నాణెమో స్కేలో పెట్టి ఫోటో తీయండి, లేకపోతే తర్వాత సైజు తెలియదు.

పెద్ద చెట్టు కిందో, పాడుబడ్డ కట్టడంలోనో బూడిద రంగు ఉండలు పడి ఉంటే గుడ్లగూబ కోసం పైకి చూడండి. అది ఎలుకల్ని దాదాపు అలాగే మింగేసి, అరగని వెంట్రుకల్నీ ఎముకల్నీ ఉండలా కక్కేస్తుంది. గ్లవ్స్ వేసుకుని ఒక ఉండను నీళ్ళలో నానబెట్టి, పుల్లతో విడదీయండి. చిన్న చిన్న పుర్రెలు, దవడలు, పళ్ళతో సహా చెక్కు చెదరకుండా బయటపడతాయి. ఆ చుట్టుపక్కల ఏయే ఎలుకలు, చుంచులు తిరుగుతున్నాయో ఆ ఉండే చెబుతుంది. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి. ఏ జంతువు పెంటనూ ఉత్త చేత్తో ముట్టుకోవద్దు.

ఇక నీటి ఒడ్డున తుంగ కాడల్ని దగ్గరగా, మీద నుంచి కిందికి నెమ్మదిగా చూసుకుంటూ రండి. నీటికి కొంచెం పైన, కాడను ఆరు కాళ్ళతో గట్టిగా పట్టుకుని, గోధుమ రంగులో ఒక బోలు పురుగు కనిపించవచ్చు. వీపు మధ్యలో చీలి ఉంటుంది. ఆ చీలికలోంచి సన్నటి తెల్లని దారాలు బయటికి వేలాడుతుంటాయి, అవి దాని లోపలి గాలి గొట్టాల పొరలు. అది తూనీగ విడిచిన కుబుసం. నీళ్ళలో నెలలో ఏళ్ళో బతికిన పిల్ల పురుగు ఒక రాత్రి ఈ కాడ ఎక్కి, వీపు చీల్చుకుని, రెక్కలతో బయటికొచ్చింది. ఎగిరే తూనీగ ఎక్కడి నుంచో వచ్చి ఉండవచ్చు. కుబుసం దొరికితే మాత్రం అనుమానం లేదు, ఈ కుంటలోనే అది పుట్టి పెరిగింది. రేపు ఈ కుంటను కాపాడమని ఎవరినైనా అడగాల్సి వస్తే, వంద తూనీగల ఫోటోల కంటే ఈ ఒక్క కుబుసం ఫోటోకి విలువ ఎక్కువ.

రాత్రి చూపించేవి వేరు

తెల్లటి దుప్పటి ఒకటి గోడకో తాడుకో వేలాడదీసి, దాని మీద లైటు పడేట్టు పెట్టండి. అమావాస్య దగ్గర్లో, గాలి లేని, ఉక్కగా ఉన్న రాత్రి అయితే అరగంటలో దుప్పటి నిండా రెక్కల పురుగులు. ఒక్కొక్కదాన్నీ ఫోటో తీసుకోండి.

అవి వెలుగు మీద ఇష్టంతో వస్తాయని మనం అనుకుంటాం. 2024లో వచ్చిన ఒక పరిశోధన, హైస్పీడ్ కెమెరాలతో తీసి చూసి, వేరే సంగతి చెప్పింది. ఎగిరే పురుగులు ఏ వైపు ఆకాశమో తెలుసుకోవడానికి వీపును వెలుతురు వైపు తిప్పుకుంటాయి. దగ్గర్లో దీపం ఉంటే అదే ఆకాశమనుకుని, వీపు దానికేసి తిప్పుతూ, బయటపడలేక చుట్టూ తిరుగుతూ ఉండిపోతాయి. అంటే మీ దుప్పటి దగ్గరున్నవి విందుకు వచ్చినవి కావు, చిక్కుకున్నవి. కాబట్టి గంట, మహా అయితే రెండు గంటల్లో లైటు తీసేయండి. దుప్పటి మీద మిగిలినవాటిని మెల్లగా పొదల్లోకి దులపండి, తెల్లారేసరికి పక్షుల పాలు కాకుండా.

రాసుకోండి, ఏమీ లేకపోయినా

ప్రతిసారీ రాయాల్సినవి ఇవి. తేదీ, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు, ఎండా వానా గాలీ ఎలా ఉన్నాయి, ఏమేం కనిపించాయి, ఎన్ని, ఏం చేస్తున్నాయి. ఈ చివరి మాట చాలామంది రాయరు. "పిచ్చుకలు 4" అని రాయడం కంటే "పిచ్చుకలు 4, రెండిటి నోట్లో గడ్డిపోచలు, కరెంటు మీటరు పెట్టె వెనక్కి వెళ్తున్నాయి" అని రాస్తే అది గూడు కట్టే కాలమూ, గూడు ఉన్న చోటూ రెండూ చెబుతుంది.

పోయినసారి ఉండి ఈసారి లేనివి కూడా రాయండి. కప్పల అరుపు వినబడలేదంటే "కప్పలు లేవు" అని రాయండి. లేకపోవడం కూడా సమాచారమే. ఖాళీ వదిలేస్తే అవి నిజంగా లేవో, మీరు గమనించలేదో తర్వాత ఎవరికీ తెలియదు.

తెలియని ప్రాణి కనిపిస్తే ఫోటో బాగా రాలేదని బాధపడకండి, చూసింది మాటల్లో రాయండి. పరిమాణం ఏ తెలిసిన ప్రాణంత ఉంది, ముక్కు లావుగా ఉందా సన్నగా ఉందా, తోక ఆడిస్తోందా, నేల మీద నడుస్తోందా గెంతుతోందా. రంగుకంటే ఈ వివరాలే ఎక్కువ పనికొస్తాయి, ఎందుకంటే రంగు ఎండని బట్టి మారిపోతుంది.

పేరు పట్టుకోవడం

ఇది ఇప్పుడు చాలా సులువు. ఐనాచురలిస్ట్ 2008లో వెబ్‌సైట్‌గా మొదలైంది, ఇప్పుడు యాప్‌గానూ ఉంది. అందులో ఫోటో పెడితే యాప్ ఒక పేరు సూచిస్తుంది, అరుపు రికార్డు కూడా పెట్టొచ్చు, తర్వాత తెలిసినవాళ్ళు చూసి సరిదిద్దుతారు. తేదీ, చోటు, ఫోటో లేదా అరుపు ఉండి, గుర్తుపట్టినవాళ్ళలో మూడింట రెండొంతుల మంది కంటే ఎక్కువ ఒకే పేరు మీద నిలబడితే ఆ రికార్డు పరిశోధనకు పనికొచ్చే స్థాయికి చేరుతుంది. పక్షులకైతే అమెరికాలోని కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల, ఆడుబాన్ సొసైటీ కలిసి 2002లో మొదలుపెట్టిన ఈబర్డ్ అనే పక్షుల లెక్కల వెబ్‌సైట్ ఉంది. అదే కార్నెల్ వాళ్ళ మెర్లిన్ యాప్ పక్షి కూత విని పేరు చెబుతుంది.

యాప్ చెప్పిందే వేదం అనుకోవద్దు. ముఖ్యంగా మెర్లిన్ తెరమీద పేరు వచ్చిందని వెంటనే లిస్టులో రాసేయకండి, ఆ పక్షిని కళ్ళారా వెతకండి. పురుగుల విషయంలో జాతి దాకా పేరు దొరక్కపోతే కుటుంబం, అంటే దగ్గరి జాతుల గుంపు పేరు దగ్గరే ఆగిపోవడం మంచిది. తప్పు పేరు కంటే సగం పేరు నయం.

దొరికిన చోటు ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు

ఈ మాట కొంచెం గట్టిగా చెప్పాలి. అరుదైన ప్రాణి కనబడ్డ సంతోషంలో చోటుతో సహా సోషల్ మీడియాలో పెట్టేస్తాం. గోనియురోసారస్ లుయి అనే ఒక గుహ బల్లిని శాస్త్రవేత్తలు 1999లో, అది దొరికిన చోటుతో సహా, ప్రపంచానికి పరిచయం చేశారు. పెంపుడు జంతువుల వ్యాపారం దాని మీద పడింది. కొన్నేళ్ళకే, మొదటిసారి దొరికిన ఆ చోటులో ఆ బల్లి ఒక్కటి కూడా లేకుండా పోయింది.

కాబట్టి గూడు, కలుగు, గుడ్లగూబ పగలు నిద్రపోయే కొమ్మ, ఆర్కిడ్ మొక్కలు, తాబేళ్ళు గుడ్లు పెట్టే చోటు లాంటివాటిని బయటికి చెప్పకండి. ఐనాచురలిస్ట్‌లో చోటును మసకగా చూపించే ఆప్షన్ ఉంది. ముప్పులో ఉన్న చాలా జాతులకు అది దానంతటదే చోటు దాచేస్తుంది, మిగతావాటికి మీరే పెట్టుకోవాలి. ఫోన్ ఫోటోల్లో లొకేషన్ దాగి ఉంటుంది, ఇతరులకు పంపే ముందు తీసేయండి. వెనక కనిపించే బోర్డు, గుడి, టవరు కూడా ఆనవాళ్ళే.

గూటి దగ్గర ఫోటో కోసం అడ్డం ఉన్న ఆకుల్ని తుంచేయడం నాకు చాలా బాధ కలిగించే అలవాటు. ఆ ఆకులే ఎండ నుంచీ వేటాడే ప్రాణుల నుంచీ పిల్లల్ని కాపాడేవి. తల్లి మిమ్మల్ని చూసి అరుస్తున్నా, నోట్లో మేతతో గూటికి రాకుండా అటూ ఇటూ తిరుగుతున్నా మీరు మరీ దగ్గరికి వచ్చేశారని అర్థం. వెనక్కి వచ్చేయండి. పక్షిని రప్పించడానికి ఫోన్‌లో దాని కూత వేయడం కూడా అలాంటిదే. తన చోటులోకి ఇంకొకటి చొరబడిందనుకుని అది గూడు వదిలి పోట్లాటకు వస్తుంది.

ఇంకో విషయం. ఒక కుంట నుంచి ఇంకో కుంటకు వెళ్ళేటప్పుడు బూట్ల బురద కడిగి ఆరబెట్టండి. కప్పల చర్మాన్ని పట్టే కైట్రిడ్ అనే ఒక శిలీంధ్రం 501 ఉభయచర జాతులు తగ్గిపోవడానికి కారణమైందని, వాటిలో 90 జాతులు అంతరించిపోయి ఉండవచ్చని 2019లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. మనుషులు చేరవేసిన ప్రాణులతో పాటే అది ఖండాలు దాటింది. తడి బురదకూ దాన్ని మోసే శక్తి ఉంది.

కాపాడటం తీసేయకపోవడంతో మొదలవుతుంది

కొన్నాళ్ళ నోట్సు చేతికొచ్చాక, మీ చోటులో ఏ ప్రాణి దేనిమీద ఆధారపడిందో కనిపించడం మొదలవుతుంది. అప్పుడు చెయ్యాల్సిన పని చాలాసార్లు ఏమీ చెయ్యకుండా ఉండటమే.

ఎండిన మోడు ప్రమాదకరంగా వాలి ఉంటే తప్ప నరకొద్దు. వడ్రంగి పిట్ట తొలిచిన తొర్రలో దాని తర్వాత వేరే పక్షులు, ఉడుతలు, గబ్బిలాలు చేరతాయి. పడిన దుంగను పడిన చోటే ఉంచండి. దాన్ని మెల్లగా ఎత్తి చూస్తే కింద రోకలిబండలు, జెర్రులు, పెంకుపురుగుల పిల్లలు, తెల్లటి శిలీంధ్రపు దారాలు ఉంటాయి. చూశాక దుంగను ఉన్నది ఉన్నట్టే దించండి, ఆ తడీ చీకటీ పోతే అవి బతకవు. ఎత్తేటప్పుడు అవతలి అంచు పట్టుకుని, దుంగ మీకూ దాని కింది ప్రాణికీ మధ్య అడ్డంగా ఉండేలా మీవైపుకు ఎత్తండి. పామైనా తేలైనా ఉంటే అటువైపు వెళ్ళిపోతుంది.

రాలిన ఆకుల్ని తగలబెట్టకండి. వాటిలో గొంగళిపురుగుల గూళ్ళు, మిణుగురుల పిల్లలు, సాలెపురుగులు ఉంటాయి. ఎక్కడో ఒక మూల నేలను గడ్డీ గచ్చూ లేకుండా వదలండి. ప్రపంచంలో 20,000కు పైగా తేనెటీగ జాతులు ఉన్నాయి, వాటిలో దాదాపు 70 శాతం నేలలో బొరియ తవ్వుకుని బతికేవే. మనం కాంక్రీటు వేసిన ప్రతి అడుగూ వాటికి తలుపు మూసేయడమే.

"శుభ్రం" పేరుతో కుంట చుట్టూ తుంగ పీకేసి, గట్టుకు రాళ్ళు పరిచి, రెయిలింగ్ కట్టే పనులు చూసినప్పుడు ఎవరో ఒకరు నోరు విప్పాలి. ప్లాస్టిక్ తీసేయండి, తుంగను ఉండనివ్వండి. తూనీగ ఎక్కాల్సిన కాడ అదే.

తర్వాత మొక్కలు, నీళ్ళు

నాటేటప్పుడు మీ ప్రాంతంలో సహజంగా పెరిగే మొక్కలే నాటండి. చాలా గొంగళిపురుగులు ఒకటి రెండు రకాల ఆకులు తప్ప మిగతావి ముట్టవు. పరాయి మొక్క ఎంత పచ్చగా ఉన్నా వాటికి అది ఖాళీ పళ్ళెమే. గొంగళిపురుగు లేకపోతే పక్షిపిల్లకు మేత లేదు. అమెరికాలో కరోలినా చికడీ అనే గుప్పెడంత పక్షి ఒక్క ఈతలో పుట్టిన పిల్లల్ని పెంచడానికి 6,000 నుంచి 9,000 గొంగళిపురుగులు పట్టుకొస్తుందని లెక్క. పెద్దయ్యాక గింజలు తినే పక్షులు కూడా చాలావరకు పిల్లలకు పురుగులే పెడతాయి. అందుకే ఆకులకు చిల్లులు పడితే మందు కొట్టకండి. ఆ చెట్టు దాని పని అది చేస్తోంది.

చెట్లు, పొదలు, గడ్డి మూడూ ఉండాలి. పొదలే చాలామంది మర్చిపోతారు. చెట్లు నాటే కార్యక్రమాల్లో పొదల్ని నరికేసి ఆ గుంటల్లోనే మొక్కలు పెట్టడం జరుగుతుంది. అలాగే సహజంగానే గడ్డి మైదానమైన చోట చెట్లు నాటకూడదు. నేల మీద గూడు కట్టే పక్షులకు ఆ గడ్డే ఇల్లు.

నీళ్ళ పళ్ళెం పెడితే లోతు తక్కువగా, అడుగు గరుగ్గా ఉండాలి. రెండు రోజులకోసారి కడిగి నీళ్ళు మార్చండి. దోమ గుడ్డు నుంచి రెక్కల దోమగా మారడానికి దాదాపు వారం పది రోజులు పడుతుంది, మీరు ముందే మారిస్తే ఆ బెడద ఉండదు. చిన్న నీటిగుంట తవ్వితే ఒక వైపు గట్టు వాలుగా ఉంచండి, పడ్డ ప్రాణి ఎక్కి రావాలి. అందులో చేపలు వదలొద్దు, తోకకప్పల్ని తినేస్తాయి. కప్పల్ని ఎక్కడి నుంచో తెచ్చి వేయాల్సిన పనిలేదు. నీళ్ళు బాగుంటే వాటంతటవే వస్తాయి, వాటితో పాటు దోమపిల్లల్ని తినే తూనీగ పిల్లలూ వస్తాయి.

అద్దాలు, లైట్లు, విషం, పిల్లులు

అద్దంలో కనిపించే ఆకాశాన్ని పక్షి నిజమైన ఆకాశమే అనుకుంటుంది. 2023 అక్టోబరులో చికాగోలోని ఒక్క భవనానికి, మెకార్మిక్ ప్లేస్‌కు, ఒకే రాత్రి దాదాపు వెయ్యి వలస పక్షులు కొట్టుకుని చనిపోయాయి. మరుసటి ఏడాది ఆ అద్దాలకు చుక్కల ఫిల్మ్ అతికించాక మరణాలు బాగా తగ్గాయి. ఇంట్లో ఇది ఇంకా సులువు. అద్దానికి బయటి వైపు, ఐదు సెంటీమీటర్లకు ఒకటి చొప్పున, చుక్కలో గీతలో అద్దం అంతటా పెట్టండి. మధ్యలో ఒకే ఒక గద్ద స్టిక్కర్ అంటిస్తే పని జరగదు, పక్షి దాని పక్క నుంచి పోబోయి కొట్టుకుంటుంది.

బయటి లైట్లు అవసరమైనప్పుడే వెలగాలి, వెలుగు కిందికే పడాలి, తెల్లని నీలి వెలుగు కంటే పసుపు వెలుగు మేలు. ఎలుకల మందు పెడితే ఆ మందు తిన్న ఎలుకను తిని గుడ్లగూబ కూడా చావొచ్చు. ఎలుకలు వచ్చే కన్నాలు మూయండి, బోను పెట్టండి. పెంపుడు పిల్లిని, ముఖ్యంగా పక్షిపిల్లలు గూళ్ళు వదిలే కాలంలో, ఇంట్లోనే ఉంచండి.

కిందపడ్డ పిల్ల కనబడితే

ఈకలు వచ్చి, కళ్ళు తెరిచి, నేల మీద గెంతుతున్న పక్షిపిల్ల చాలాసార్లు ఆపదలో లేదు. ఎగరడం నేర్చుకుంటోంది, తల్లిదండ్రులు పక్కనే ఉండి మేత పెడుతుంటారు. దారి మధ్యలో ఉంటే పక్క పొదలో పెట్టి, దూరంగా వెళ్ళిపోండి. ఈకలు లేని పసిపిల్ల అయితే గూడు వెతికి అందులో పెట్టండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి వదిలేస్తుందనేది అపోహ.

నిజంగా గాయపడితే గాలి కన్నాలున్న అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ పరిచి, మూత పెట్టి, చీకటిగా నిశ్శబ్దంగా ఉంచండి. నోట్లో నీళ్ళు పోయకండి, పాలు, బ్రెడ్డు పెట్టకండి. వన్యప్రాణి సహాయక కేంద్రానికో అటవీ శాఖకో ఫోన్ చేయండి. ఆ నంబరు ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకుంటే మంచిది, ఆ గాబరాలో వెతకడం కష్టం. గబ్బిలం, నక్క, కోతి లాంటి క్షీరదాల్ని మాత్రం ఉత్త చేతులతో అస్సలు ముట్టుకోవద్దు. కరిచినా గీరినా ఆ చోటును సబ్బు, పారే నీళ్ళతో 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా రేబిస్ టీకా కోసం ఆస్పత్రికి వెళ్ళండి. పామైతే ఎంత చిన్నదైనా దూరం నుంచి చూస్తూ, పట్టడం తెలిసినవాళ్ళను పిలవండి.

చోటుకే ముప్పు వస్తే

ఏదో ఒక రోజు మీ చోటులో జేసీబీ కనబడవచ్చు, లేదా కుంట పూడ్చి పార్కింగ్ కడతారనే నోటీసు రావచ్చు. అప్పుడు ఆవేశం కంటే మీ నోటుబుక్కే ఎక్కువ పని చేస్తుంది.

ముందు ఆ నేల ఎవరిది, రికార్డుల్లో ఏమని ఉంది, ఏ అనుమతి అడుగుతున్నారు, అభ్యంతరం చెప్పడానికి ఆఖరి తేదీ ఎప్పుడు అన్నవి తెలుసుకోండి. ఆ తేదీ దాటిపోతే ఎంత మంచి వాదనైనా వృథా. తర్వాత రెండు పేజీలకు మించకుండా ఒక నివేదిక రాయండి. ఏయే ప్రాణులు, ఏ నెలల్లో, ఎన్ని, వాటిలో ఏవి అక్కడే పిల్లల్ని పెడుతున్నాయి, ఏవి చట్టప్రకారం రక్షణ ఉన్నవి. 1964లో మొదలైన ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం) రెడ్ లిస్ట్‌లో ఒక్కో జాతి ఎంత ముప్పులో ఉందో చూసుకోవచ్చు. ఒక మ్యాపు, నాలుగు మంచి ఫోటోలు జత చేయండి.

అంకెలకు ఎంత బలం ఉందో చెప్పడానికి చిత్తడి నేలల ఒప్పందమే ఉదాహరణ. ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో 1971లో కుదిరిన ఆ ఒప్పందం ప్రకారం, ఒక చిత్తడి నేల క్రమం తప్పకుండా 20,000 నీటిపక్షులకు ఆధారమైనా, లేదా ఒక నీటిపక్షి జాతి మొత్తం సంఖ్యలో 1 శాతం అక్కడికి వస్తున్నా, దాన్ని అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్నదిగా గుర్తించడానికి అది ఒక అర్హత. ఎవరో ఒకరు చలిలో గట్టు మీద నిలబడి ఏటేటా లెక్కపెడితేనే కదా ఆ 20,000 అన్న అంకె వచ్చేది. మీ కుంటకు అంత సంఖ్య రాకపోవచ్చు. కానీ పంచాయతీలోనో మునిసిపాలిటీలోనో కూర్చున్న అధికారి ముందు "ఇక్కడ చాలా పక్షులు వస్తాయండీ" అనడానికీ, మూడేళ్ళ లెక్క బల్ల మీద పెట్టడానికీ చాలా తేడా ఉంటుంది.

ఒక్కరే వెళ్ళకండి. ఆ చోటును వాడుకునే వాళ్ళందరినీ కలుపుకోండి. పశువులు మేపేవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, పొద్దున నడవడానికి వచ్చే పెద్దవాళ్ళు, పక్క బడి టీచరు. వాళ్ళకు మీకు తెలియని సంగతులు తెలుసు. ఈ కుంట ఎప్పుడెప్పుడు ఎండింది, ఏ పక్షి రావడం మానేసింది, వాన నీళ్ళు ఏ దారిన వచ్చేవి, అన్నీ చెబుతారు. వాళ్ళ జీవనాన్ని పక్కకు నెట్టి చేసే రక్షణ నిలవదు, పైగా న్యాయం కూడా కాదు. మొత్తం ఆపలేకపోతే కనీసం పిల్లల్ని పెట్టే నెలల్లో పని వాయిదా వేయించడం, ఒక వైపు తుంగను అలాగే ఉంచడం, పొదల వరసను తెగకుండా ఉంచడం అడగండి. ఆ వరస తెగితే ముంగిసకూ ఉడుతకూ ఒక చోటి నుంచి ఇంకో చోటికి దారి పోతుంది.

గెలిచినా ఓడినా వెళ్ళడం మానకండి. పని ఆగిందని సంబరపడి వదిలేసిన చోట్లోనే రెండేళ్ళకు చెత్త లారీలు మొదలవుతాయి. పని జరిగిపోయిన చోట ఏది మిగిలింది, ఏది తిరిగొచ్చింది, ఏది రాలేదు అన్నది రాసిపెట్టండి. పక్క ఊళ్ళో ఇలాంటి కుంట మీదే మళ్ళీ ఎవరికైనా అదే నోటీసు వచ్చినప్పుడు, వాళ్ళు మొదట అడిగేది మీ లెక్కలే.